పక్కింటి గొయ్యి

ఆవిడ నన్ను పిలిపించింది ఇల్లు బాగుచేయించుకోవడానికి కాదు, తెలుగు మాట్లాడుకోవడానికేమో అని మొదట్లో నాకు అనుమానంగా ఉండేది. పాత ఢిల్లీలో, చావడీ బజార్ వెనక, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒత్తిగిలాల్సిన గల్లీలో ఆ ఇల్లు. తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసి, "తెలుగుపిల్లవేనా? నిజంగా?" అంది.

అవునండీ అన్నాను.

"అయితే ఆంటీ గీంటీ అనకు. ఈ ఊళ్ళో కూరలమ్మే భయ్యా దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ ఆంటీనే. పిన్నీ అను."

ఆవిడది విజయనగరం వైపు పల్లె. చిన్న వయసులోనే నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మేట్రన్‌గా రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు నాకు వచ్చేసరికి ఆ ప్రశ్నే అనవసరమనిపించింది. ఆ హవేలీలో కింది వాటా అద్దెకు తీసుకుని చేరింది. అసలు యజమానుల కుటుంబం తలో దిక్కుకూ పోయాక మిగిలిన ఇంటిని తనే కొనుక్కుంది. ఆ గల్లీలో తెలుగు పలికే మనిషి లేక ఆవిడ భాష ఊరు విడిచిన నాటి దగ్గరే ఆగిపోయింది. మధ్యలో హిందీ వచ్చి దూరేది. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

నేను సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో పెరిగాను. నాన్న కేంద్ర ప్రభుత్వంలో సివిల్ ఇంజనీరు. నేను ఆర్కిటెక్చర్ చదివి, గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన రోజుల్లో పాత ఇళ్ళ మరమ్మతులు చేస్తుంటాను. ఎక్కువగా నన్ను పిలిచేది ఇంటిని హోటలుగా మార్చాలనుకునేవాళ్ళు. పిన్ని కోరిక వేరు.

"మన వైపు నుంచి ఉద్యోగానికని నర్సు పిల్లలు వస్తన్నారు. ఎక్కడుంటన్నారో చూసేవా? ముఖర్జీ నగర్‌లో కలెక్టర్లవుతామని వచ్చే పిల్లలు డబ్బాల్లాటి గదుల్లో ఉంటారు కదా, అలాగ. కిటికీ ఉండదు. నైటు డ్యూటీ చేసొచ్చిన మనిషికి పగలు పడుకుందికి చోటుండాలి. వెనకాతల నాకు రెండు గదులు కట్టిపెట్టు. పాత ఇంటిని కూడా నిలబెట్టు. అంతే."

ఇంటి మధ్యలో చిన్న మండువా. మూడు వైపులా గదులు. గోడలు లఖౌరీ ఇటుకవి. అంటే అరచేతిలో పట్టేంత పల్చటి పాతకాలపు ఇటుక, సున్నంతో, ఇటుకపొడితో పేర్చి కట్టినది. గోడ మందం నా చెయ్యి చాపినంత. తూర్పు వైపు మేడ మీద ఒకే ఒక్క గది. దాని అర్ధచంద్రాకారపు కిటికీల్లో రంగుటద్దాలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఆ గది నిలబడింది తూర్పు గోడ మీద. ఆ గోడ మాదీ, పక్కింటివాళ్ళదీ కూడా. రెండిళ్ళకూ కలిపి ఒకటే గోడ. పాత ఊళ్ళో అది మామూలే.

మొదటి చలికాలమంతా మేడ గదిలోనే గడిచింది. వెల్లవేసిన పొరల కింద ఏదో రంగు కనిపిస్తోందని మేస్త్రీ చెబితే గీకి చూశాం. ఒక గూటి పక్కన సరుగుచెట్టులాంటి పచ్చటి చెట్టు, దాని పక్కన ఎర్రపూల కుండీ బయటపడ్డాయి. పిన్ని తన పాత సామాన్లలోంచి మొద్దుబారిన ఆపరేషన్ కత్తులు తెచ్చింది. రోజూ పొద్దున్నే శాలువా కప్పుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, స్టూలు మీద కూర్చుని గీకేది. నేను వెళ్ళేసరికి ఒళ్ళంతా సున్నం పొడి. "కుట్లు విప్పినట్టు తియ్యాలి, పిల్లా. లాగేస్తే చర్మం ఊడొచ్చేస్తాది" అనేది. వసంతం వచ్చేసరికి నాలుగు గోడల మీదా చెట్లు, పూలు, ఒక మూల రెండు చిలకలు వచ్చాయి. రెండో చిలక ముఖం ఎప్పుడో రాలిపోయింది. దాన్ని తిరిగి గీయించమని పిన్ని అడగలేదు.

కొత్త గదుల దగ్గర మాత్రం మా ఇద్దరికీ కాస్త పేచీ వచ్చింది. పడమట వైపు పెరట్లో పూర్వం వంటిల్లు కూలిపోయిన జాగాలో రెండు గదులు, ఒకదాని మీద ఒకటి, వాటి పక్కన మెట్లు. నేను గీసినదానిలో కమానులు లేవు. పొడుగాటి మామూలు కిటికీలు, సున్నపు పూత, పాత ఇంటి చూరుకంటే కొంచెం కిందికే ఆగిపోయే కప్పు. కొత్తదానికి దాని పునాది దానిదే. పాత గోడకు ఆనకుండా మధ్యలో బెత్తెడు సందు.

"ఇదేటి, ఇంత బోసిగా? పాతదానికున్నట్టు దీనికీ ఆ పూలూ అవీ పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు పిన్నీ. కానీ అప్పుడు కొత్తది పాతదానిలా వేషం వేసినట్టవుతుంది. చూసేవాళ్ళకి ఏది ఎప్పటిదో తెలియాలి. పాతదానికి అడ్డం రాకూడదు, దాన్ని వెక్కిరించకూడదు."

ఆవిడ ప్లాను కాయితం దగ్గరికి లాక్కుంది. "అంటే స్టాఫ్ నర్సు వచ్చి మేట్రన్ టోపీ పెట్టీసుకోకూడదు. అంతేనా?"

"అంతే."

"ఠీక్ హై. కట్టు."

ఎండాకాలానికి కొత్త గదుల గోడలు లేచాయి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అందరమూ ఉషారుగానే ఉన్నాం. అది ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగినదంతా గుర్తొచ్చినప్పుడు ఆ మొదటి నెలలు ఎవరో వేరేవాళ్ళ కథలా అనిపిస్తాయి నాకు.

పక్కిల్లు అమ్ముడుపోయిందని ముందు చెప్పింది పాలవాడు. తరవాత ఒకరోజు వెళ్ళేసరికి ఆ ఇంటికి కప్పు లేదు. ఇంకోరోజు వెళ్ళేసరికి ఇల్లే లేదు. మా ఉమ్మడి గోడ అవతలి ముఖం ఎండలోకి వచ్చి నిలబడింది. దాని మీద వాళ్ళ గూళ్ళు, పొయ్యి మసి, ఒక క్యాలెండర్ మేకు, ఎవరో పిల్లవాడి ఎత్తు కొలిచి గీసిన గీతలు. నాలుగు రోజుల్లో దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పేశారు. ఆ తరవాత అవతల ఏం జరుగుతోందో మాకు కనబడలేదు.

కనబడింది కంచరగాడిదలే. ఆ గల్లీల్లోకి లారీలు రావు. కూల్చిన మలబా, అదే ఇంటి శిథిలాలైనా, తవ్విన మట్టయినా కంచరగాడిదల వీపు మీద గోనెల్లో బయటికి పోవాల్సిందే. తెల్లవారుతూనే వాటి గిట్టల చప్పుడు మొదలయ్యేది. మొదట్లో గోనెల్లో ఇటుక ముక్కలు, పాత పెంకులు. ఇల్లు కూల్చారు కదా, సహజమే అనుకున్నాం. కొన్నాళ్ళకు ఆ మలబా అయిపోయి పసుపుపచ్చటి మట్టి మొదలైంది. అవి ఆగలేదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలో కుర్చీ వేసుకుని వాటినే చూస్తోంది.

"పిల్లా, ఆ గోనెల్లోంచి నీళ్ళు కారతన్నాయి. చూడు."

చూశాను. గాడిదల పొట్టల కింద తడి. గల్లీ రాళ్ళ మీద సన్నటి బురద గీత. అంటే తవ్వకం నీటిమట్టం దాకా వెళ్ళింది. మా గోడ పునాది అంత లోతు ఉండదు. అది నాకు బాగా తెలుసు. మరమ్మతుల కోసం దాని అడుగు నేను తవ్వి చూశాను. ఇటుక ముక్కలు, సున్నం కలిపి కుదించిన దిమ్మ, నడుం లోతు కూడా లేదు. దాని కింద మట్టే.

ఆకుపచ్చ గుడ్డ పక్కకు లాగి చూశాను. కింద పెద్ద గొయ్యి. సరిగ్గా మా గోడ అడుగు నుంచి నిట్టనిలువుగా తవ్వేశారు. అడుగున బురదనీళ్ళలో నలుగురు పారలతో పనిచేస్తున్నారు. ఒక పంపు ఆగకుండా నీళ్ళు తోడుతోంది. గొయ్యి అంచున నిలబడ్డ సూపర్‌వైజర్ నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

ఆ సాయంత్రమే అతను మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "ఆంటీజీ, బేస్‌మెంట్ వేస్తున్నాం. మీ గోడకేం కాదు. ఈ గోడలు కోటగోడల్లాంటివి. రెండు వందల ఏళ్ళు నిలబడ్డాయి" అన్నాడు హిందీలో.

"దానికి ఇన్నాళ్ళూ కాళ్ళ కింద నేలుంది బేటా" అంది పిన్ని. డబ్బా తీసుకోలేదు.

మొదటి పగులు మేడ మెట్ల పక్కన కనిపించింది. వెంట్రుకంత సన్నం. ఇలాంటివి పాత ఇళ్ళలో ఎన్నో ఉంటాయి. అది కదులుతోందా లేదా అన్నదే ప్రశ్న. దానికి ఒక పాత పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివర్లా ప్లాస్టరుతో అతికిస్తాం. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. మెట్ల దగ్గర ఒకటి, మేడ గదిలో రెండు, కింద పిన్ని పడకగదిలో ఒకటి అతికించాను.

"రోజూ చూస్తాను. టెంపరేచర్ చూసినట్టే కదా" అంది ఆవిడ. నవ్వుతూనే అంది.

కాలేజీలో క్లాసు మధ్యలో ఉండగా ఫోను వచ్చింది. "మెట్ల కాడ గాజు విరిగింది." గొంతులో గాబరా లేదు. వార్డులో నుంచి డాక్టరుకు కబురు చెప్పే గొంతు. నేను బస్సు, మెట్రో మారి వెళ్ళేసరికి పగులు వేలి గోరు పట్టేంత అయింది. మేడ గది తలుపు మూసుకోవడం లేదు. గడప వంకరపోయింది. చిలకల పక్కన గోడ మీద కొత్త గీత, పైనుంచి కిందికి.

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గొయ్యి చూశాడు, గోడ చూశాడు, పిన్ని చేతి టీ తాగాడు. పని ఆపమని వాళ్ళకు చెప్పాడు. ఆగింది కూడా. పంపు ఆగిపోతే ఆ గల్లీ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. కానీ ఆ నిశ్శబ్దం ఎక్కువ కాలం లేదు. ఒక ఉదయం కంచరగాడిదలు మళ్ళీ వచ్చాయి. ఈసారి వాటి మెడల్లో గంటలు తీసేశారు. గిట్టల చప్పుడే. ఇన్‌స్పెక్టరు ఫోను ఎత్తలేదు.

అప్పటికి ఆకాశం రంగు మారుతోంది. వానలు ఇక ఎప్పుడైనా రావచ్చు.

నాన్నను తీసుకెళ్ళాను. ఆయనకు మోకాళ్ళ నొప్పి, పాత ఢిల్లీ అంటే పడదు. అయినా రానన్లేదు. గోడ చుట్టూ తిరిగి, పగుళ్ళ మీద చెయ్యి వేసి, గుడ్డ లాగి గోతిలోకి చూసి, మండువాలోకి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"చెప్పండి నాన్నా."

"నీకు తెలీనిదేముందమ్మా? గోడ కింద మట్టి జారిపోతోంది. నువ్వు ఇటునుంచి ఎన్ని ఆధరువులు పెట్టినా, అటు అడుగున ఏముందని ఆగుతుంది? గోడ ఎటూ పోతుంది తల్లీ. పోతూపోతూ ఇంటిని కూడా లాక్కుపోకుండా చూసుకోవాలి. పైనున్న బరువు దించెయ్యండి. వానలు పడేలోపు."

పైనున్న బరువు అంటే మేడ గది.

నేను రెండు రోజులుగా అదే అనుకుంటున్నాను. కానీ నా నోటితో అనలేకపోయాను. పాత ఇల్లు బాగుచేయడానికి పిలిస్తే వచ్చిన మనిషిని, ఆ ఇంట్లోకెల్లా అందమైన గదిని నేనే కూలగొట్టమని ఎలా చెప్పను? పిన్ని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అంటే కాలు తీసెయ్యాలన్నమాట" అంది.

"ఇంకో దారి ఉంటే చెప్పేవాణ్ణమ్మా" అన్నాడు నాన్న.

ఆవిడ లేచి మేడ మెట్లెక్కింది. నేను వెంట వెళ్ళబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. చాలాసేపటికి దిగొచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "తీసెయ్యాలంటే తీసెయ్యాల్సిందే. నాంచితే పైకి పాకుతాది. రేపే మొదలెట్టు" అంది.

కూల్చడం కాదు, విప్పడం. పేర్చినవాళ్ళు పేర్చిన వరసకు తలకిందులుగా. ముందు కప్పు మీద ఎర్రరాతి పలకలను తాళ్ళతో దించాం. తరవాత దూలాలు. బొమ్మలున్న పూత మీద గుడ్డ అతికించి, వెనక నుంచి కోసి, చదరాలుగా తీయడానికి ప్రయత్నించాం. కొన్ని వచ్చాయి. కొన్ని చేతిలోనే పొడయ్యాయి. చిలకలున్న ముక్క సగం వచ్చి సగం గోడ మీదే ఉండిపోయింది. పిన్ని ప్రతి ముక్కనూ గడ్డి పరిచిన చెక్క ట్రేలో పడుకోబెట్టి, కొత్త గదిలోకి మోయించింది. ఇటుకలు తీసేకొద్దీ గోడ లోపలి రంగు కనిపించేది, తాజా గాయం లాంటి ఎరుపు. ఎన్నాళ్ళనుంచో వెలుగు చూడని ఇటుక.

ఇంకో పని కూడా చేశాం. తూర్పు గోడ మిగతా గదుల గోడలతో కలిసే చోట నిలువుగా కోసి విడదీశాం. ఆ గోడ మీద ఆనిన దూలాల కింద కొత్తగా ఇనుప స్తంభాలు నిలబెట్టాం. గోడ వెళ్ళిపోవాలనుకుంటే ఒంటరిగా వెళ్ళనీ అని.

పిన్ని పడక కొత్త గదిలోకి మారింది. ఇంకా తలుపులు కూడా పెట్టని గది. నాతో మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. రాలేదు. "పేషెంటుని వదిలీసి డ్యూటీ దిగిపోతారేటి?" అంది. నవ్వించడానికి అన్నదో, నిజంగానే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

సూపర్‌వైజర్ మరోసారి వచ్చాడు. దుమ్ము వాళ్ళ సైటులో పడుతోందట. ఈసారి మిఠాయి తేలేదు.

మేడ గది విప్పడం పూర్తయిన కొద్ది రోజులకు, ఒకనాడు మధ్యాహ్నానికి ముందు వాన మొదలైంది. ఢిల్లీలో తొలకరి అంటే అందరూ మేడల మీదికి ఎక్కి తడుస్తారు. గల్లీ పిల్లలు అరుస్తూ పరుగెడుతున్నారు. నేను మండువాలో నిలబడి తూర్పు గోడనే చూస్తున్నాను. మేడ గది పోయాక గోడ కురచగా, తల తీసేసినట్టుగా ఉంది. దాని పైఅంచున ప్లాస్టిక్ షీటు కప్పి ఇటుకలు బరువు పెట్టాం. పంపు చప్పుడు మామూలుకంటే గట్టిగా వినిపిస్తోంది. గోతిలోకి నీళ్ళు చేరుతున్నాయి కదా.

పిన్ని కింది పడకగదిలోంచి బయటికి వచ్చింది. ఏదో తెచ్చుకోవడానికి వెళ్ళింది.

"లోపల సున్నం రాలతన్నాది. ఆగకుండా. ఇసక గడియారంలో లాగ" అంది.

నేను లోపలికి వెళ్ళి చూశాను. గోడకూ కప్పుకూ మధ్య నుంచి తెల్లటి పొడి సన్నటి ధారగా కారుతోంది. గాజు ముక్క విరగడం కాదు, ఊడి కింద పడింది. చెవి పెట్టి విన్నాను. లోపల ఎక్కడో బరువైన గోనె ఈడుస్తున్నట్టు ఒక చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"పిన్నీ, మనం పెరట్లోకి పోదాం. పదండి."

"గోతిలో మనుషులున్నారే!"

ఆ మాట నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. నేను గోడ గురించే ఆలోచిస్తున్నాను, ఇంటి గురించే. ఆవిడ నా చెయ్యి విదిలించుకుని, చెప్పులైనా లేకుండా వానలోకి, గుమ్మం దాటి గల్లీలోకి, ఆకుపచ్చ గుడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను వెనకే పరుగెత్తాను. గుడ్డను రెండు చేతులా చింపేసి, గోతిలోకి వంగి హిందీలో కేకేసింది.

"పైకి రండి! అందరూ! పారలు వదిలెయ్యండి! ఇప్పుడే!"

ఆ గొంతు నేను అంతవరకూ వినలేదు. ఎన్ని వార్డులను, ఎంతమంది డాక్టర్లను నడిపిందో ఆ గొంతు. కింద బురదలో ఉన్నవాళ్ళు ఎందుకని అడగలేదు. పారలు పడేసి నిచ్చెన పట్టుకున్నారు. సూపర్‌వైజర్ గొడుగు కింద నుంచి వచ్చి, "ఏంటి ఆంటీజీ, ఎవరిని అడిగి పని ఆపుతున్నారు?" అంటున్నాడు. ఆవిడ అతని వైపు చూడనైనా లేదు. ఎక్కుతున్నవాళ్ళను చేతులు పట్టుకుని పైకి లాగుతోంది. అందరూ పైకి వచ్చాక సూపర్‌వైజర్ ఒకతన్ని, "పంపు మునిగిపోతుంది, పోయి తీసుకురా" అని మళ్ళీ కిందికి దింపాడు. పిన్ని "వద్దు, వద్దు" అంటూనే ఉంది. అతను అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు.

గోడ పడలేదు. కూర్చుంది. అలాగే చెప్పాలి. ముందు దాని అడుగు గోతిలోకి జారింది, తరవాత ఒంట్లో బలం పోయిన మనిషిలా అది తన మీదికి తనే కుంగి, గోతిలోకి ఒరిగింది. చప్పుడు నేననుకున్నంత పెద్దగా లేదు. దుమ్ము లేవాలి, కానీ వానలో లేవలేదు. ఎర్రటి నీళ్ళు పైకి చిమ్మాయి. పంపు ఆగిపోయింది.

నిచ్చెన అడుగున ఉన్నతను అరుస్తున్నాడు. అరుస్తున్నాడంటే బతికున్నాడని పిన్ని అంది. మిగతావాళ్ళు దిగి, చేతులతో ఇటుకలు తీసి, అతన్ని పైకి చేర్చారు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆ వానలోనే, గల్లీ రాళ్ళ మీద కూర్చుని, మా సెంటరింగ్ పలక ముక్కలు రెండు తెప్పించి, తన కొంగు చింపి కట్టు కట్టింది పిన్ని. "పేరేంటి బేటా? పెళ్ళయిందా? పిల్లలెంతమంది?" అని అడుగుతూనే ఉంది. అతను జవాబులు చెబుతూనే ఉన్నాడు. రిక్షా వచ్చే చోటికి నలుగురు మోసుకుపోయారు.

అప్పుడు సూపర్‌వైజర్ నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మీ గోడ మా సైటులో పడింది" అన్నాడు. నిజంగా ఆ మాటే అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

లోపలికి వెళ్ళి చూసుకున్నాం. పిన్ని పాత పడకగదికి ఒకవైపు గోడ లేదు. మంచం అంచు మీద వాన పడుతోంది. దాని అవతల గొయ్యి, దాని అవతల ఎవరిదో వెనకిల్లు, వాళ్ళ ఆరేసిన బట్టలు. మండువా, మిగతా రెండు వైపుల గదులు నిలబడే ఉన్నాయి. ఇనుప స్తంభాల మీద దూలాలు కదల్లేదు. కొత్త గదులకు వెంట్రుకంత గీత కూడా పడలేదు. నాన్నకు ఫోను చేసి చెప్పాను. "మనుషులు?" అని అడిగాడు. ఒకరికి కాలు విరిగిందన్నాను. "అదొక్కటేనా?" అని రెండుసార్లు అడిగి, ఫోను పెట్టేశాడు.

ఆ తరవాత ఆఫీసులవాళ్ళందరూ వచ్చారు. ముందు రానివాళ్ళు కూడా. గొయ్యి పూడ్పించారు. ఎండాకాలం వచ్చాక మళ్ళీ తవ్వారు. ఈసారి ముందుగా కాంక్రీటు గోడ కట్టుకుని తవ్వారు. ఇప్పుడు అక్కడ ఐదంతస్తులు లేచాయి. మా మండువాలోకి పొద్దుటి ఎండ రాదు. తూర్పు వైపు మేం గోడకు బదులు తేలికపాటి చెక్క వరండా కట్టాం. అది ఎవరినీ ఆనుకోదు, ఎవరూ దాన్ని ఆనుకోలేరు. మేడ గదిని మళ్ళీ కడదామా అని నేను అడిగాను. పిన్ని, "దాన్ని నిలబెట్టుకుందికి కింద ఏటున్నాది?" అంది. నేను ఇంకోసారి అడగలేదు. ట్రేలలోని బొమ్మల ముక్కల్లో కొన్నిటిని కొత్త మెట్ల పక్క గూళ్ళలో పెట్టాం. మిగతావి అలాగే గడ్డిలో ఉన్నాయి.

నర్సు పిల్లలు వచ్చారు. ఒక అమ్మాయిది పలాస, ఒకామెది నంద్యాల, ఒకామె ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. మనం తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు పగలు కర్టెన్లు వేసుకుని పడుకుంటారు. పిన్ని ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వదు. ఆ ఇల్లు దేనికి కట్టామో దానికే పనికొస్తోంది. అంతవరకూ బాగానే ఉంది.

మొన్న వెళ్ళినప్పుడు పైగదిలో ఒక సంగతి గమనించాను. మంచాలు మూడూ గది నడిమధ్యలో, ఒకదాని పక్కన ఒకటి, గోడలకు దూరంగా వేసి ఉన్నాయి. నేను కిటికీల కింద, గాలి తగిలేలా, వాటికి చోటు లెక్కవేసి కట్టాను. ఎందుకిలా అని పలాస అమ్మాయిని అడిగాను.

"పిన్నిగారే అలా వెయ్యమన్నారండీ. గోడకి ఆనుకుని ఎవర్నీ పడుకోనివ్వరు. మొదట్లో మాకు విచిత్రంగా ఉండేది. ఇప్పుడు మా ఊరెళ్ళినా గోడ పక్కన నిద్ర పట్టట్లేదు."

కిందికి దిగాను. పిన్ని మండువాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పిన్నీ, ఆ గోడలు నేను కట్టినవి. వాటి పునాది నాకు తెలుసు. వాటికేం కాదు."

"తెలుసే. నాకు నీ మీద నమ్మకం లేకేటి?" అంది తలెత్తకుండా. కాసేపు కాయలు తెంపింది. "కొత్త గదుల పక్కన, ఈ పడమటింటివాళ్ళు నిన్న సామాన్లు సర్దుకుని ఎల్లిపోయారు. ఎక్కడికో చెప్పలేదు."

నేను ఆవిడ పక్కన పీట లాక్కుని కూర్చుని, నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను.